బెల్లం మరిగిన ఎలుగు

అటవీ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగాక అందరూ అడిగేది ఒకటే: "మేడం, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" ఎర్రచందనం దుంగల లారీని వెంటపడి పట్టుకున్న కథ చెబుతానని వాళ్ల ఆశ. రాజంపేట వైపు పనిచేసిన రోజుల్లో అలాంటివి కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ నా తెలివినీ ఓపికనూ ధైర్యాన్నీ ఒకేసారి బయటికి లాగిన కేసు మాత్రం ఒక ఎలుగుబంటిది. ఆ కేసులో ముద్దాయి ఎలుగుబంటి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఆఫీసుల్లో ఇప్పటికీ ఆ కథను తలకిందులుగా చెప్పేవాళ్లున్నారు.

అప్పుడు నేను సెక్షన్ ఆఫీసర్‌ని. మైదుకూరు నుంచి కొండల వైపు పోతే తారు రోడ్డు ఆగిపోయే చోట ఒక పల్లె ఉంది. దాని వెనక అంతా అడవే. పల్లెలో సగం మంది కొండ మీద బతికేవాళ్లు. కట్టెలు, సీతాఫలాలు, చీపురు గడ్డి, మేకలు. మేము వాళ్ల మీద కేసులు రాసేవాళ్లం, వాళ్లు మమ్మల్ని తిట్టుకునేవాళ్లు. మా జీపు ఊళ్లోకి వస్తే ఆడవాళ్లు తలుపులు మూసుకునేవాళ్లు. అడవిని కాపాడడమంటే ఇదేనా అని నాకు చాలాసార్లు అనిపించేది.

అలాంటి చోటికి కొత్త రేంజరు వచ్చాడు. కుర్రాడు, శిక్షణ ముగించుకుని నేరుగా మా దగ్గరికే. నాకంటే వయసులో చాలా చిన్న, హోదాలో పెద్ద. ఇలాంటి వాళ్లతో మాకు మొదట్లో కొంచెం కష్టంగానే ఉంటుంది. కానీ ఇతను వచ్చిన కొత్తలోనే ఒక మంచి మాట అన్నాడు. "మేడం, ఈ ఊరివాళ్లను అడవిలోంచి బయటికి తరిమే పని మనం ఇన్నాళ్లూ చేశాం. వాళ్ల చేతనే బయటి ఊళ్లవాళ్లకు అడవి చూపిస్తే ఎట్లుంటుంది?"

అట్లా మొదలైంది కొండబాట. ప్రతి ఆదివారం పొద్దున పట్నాల నుంచి వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని పల్లెవాళ్లే కొండెక్కిస్తారు. ఊరి చివరి చర్చి వెనక నుంచి బయలుదేరి, నీళ్లు పారే వంక వెంబడి నడిచి, పైన ఒక పెద్ద బండ దాకా పోయి రావాలి. ఆ బండ మీద నిలబడితే కింద కాలువ, పసుపు చేలు, దూరంగా మైదుకూరు కనిపిస్తాయి. దారిలో చెట్లు, పిట్టలు, జంతువుల అడుగులు చూపించి వాటి సంగతులు చెప్పాలి. కిందికి దిగాక ఊరి ఆడవాళ్లు సంగటి, నంజుకోను శనక్కాయల ఊరుబిండి పెడతారు. వచ్చిన ఆదాయం ఊరి కమిటీది.

బాట మొదట్లో బోర్డు పెట్టించాం. దాని మీద 'ఎలుగుబంటి తిరిగే చోటు, జాగ్రత్త' అని రాయమంటే పెయింటరు 'వెలుగుబంటి' అని రాశాడు. రేంజరు దిద్దించమన్నాడు. ఊరివాళ్లు వద్దన్నారు. "ఉండనీ సార్, నల్లటి దానికి పేరన్నా తెల్లగుండనీ" అన్నాడు మా వాచరు. అందరూ నవ్వారు. బోర్డు అట్లాగే ఉండిపోయింది.

ఈ వాచరు గురించి చెప్పాలి. ఆ ఊరివాడే. సన్నటి మనిషి, నెత్తికి తువ్వాలు, నడివయసు. రోజుకూలి మీద మా దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాడు. కొండ మీద ఎంత దూరమైనా నడుస్తాడు, నడిచినంతసేపూ మాట్లాడతాడు. అందులో నిజం ఎంత అని అడగకూడదు. "ఒగసారి చిరుత నాకు ఎదురొచ్చిందప్పా. నేను దాని మొగం చూస్తి, అది నా మొగం చూసె. ఏందో పెద్దమనిషి పోతాండాడని అదే పక్కకు జరిగె" అని చెప్పేవాడు. రేంజరు అక్కడే ఉంటే, చిరుత అట్లా చేయదని సరిదిద్దబోయేవాడు. వచ్చినవాళ్లు మాత్రం రేంజరును పక్కకు జరగమని, ఇంకో కథ చెప్పమని వాచరు చుట్టూ మూగేవాళ్లు. ఆ పని కోసమే పుట్టినవాడిలా ఉండేవాడు. అంతకుముందు ఆ మనిషిని ఎవరూ కూర్చోబెట్టి వినలేదు. ఇప్పుడు టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు. ఆదివారం వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు.

అయితే కొండ వాచరు మాట వినదు కదా. వచ్చినవాళ్లకు తొండలు కనిపించేవి, నెమళ్లు కనిపించేవి, అదృష్టం ఉంటే దుప్పి తోక కనిపించేది. పుట్టను తవ్విన గుంత చూపించి ఎలుగు చెదలు తినిపోయిందని చెబితే, "ఆ ఎలుగు యాడ?" అని అడిగేవాళ్లు. ఒకసారి దూరం నుంచి కుటుంబంతో వచ్చిన ఒక పెద్దమనిషి బస్సెక్కుతూ, "దీనికంటే జూకి పోయుంటే సరిపోయేది. గుంతలు చూసేదానికి ఇంతదూరం రావాల్నా?" అని గట్టిగానే అన్నాడు. వాచరు పక్కనే ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ ముఖం నల్లబడింది.

తర్వాత కొన్ని వారాలకు ఎలుగు కనిపించింది.

బండకు కింద, వంక అవతలి గట్టు మీద, పట్టపగలు. ఇవతల నిలబడి అందరూ చూశారు. పెద్ద ఆడ ఎలుగు. ఛాతీ మీద తెల్లటి గుర్తు, దుమ్ము పట్టిన పొడుగు వెంట్రుకలు. తీరిగ్గా రాయిని నాకుతోంది. మరుసటి ఆదివారం మళ్లీ అదే. ఆ మరుసటి ఆదివారమూ అదే. వార్త పాకింది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి కుటుంబాలు బస్సులు మాట్లాడుకుని వచ్చాయి. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. పై అధికారులు ఫోన్ చేసి రేంజరును మెచ్చుకున్నారు. సంగటి చాలక ఆడవాళ్లు రెండో పొయ్యి పెట్టారు. మా జీపు వస్తే తలుపులు మూసిన ఊరే ఇప్పుడు మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చేది.

అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం ఒక ప్రశ్న కొరుకుతూనే ఉంది. అడవిలో తిరిగిన ఏళ్లలో నేను ఎలుగును పగటిపూట చూసింది చాలా తక్కువ. అది చూపు తక్కువ జంతువు, ముక్కుతో బతుకుతుంది, మనిషి వాసన వస్తే మండిపడుతుంది. అలాంటిది ఇంతమంది మాటలు వింటూ కదలకుండా రాయి నాకుతుందా? సరే, అదీ అనుకుందాం. ఎలుగుబంటికి ఆదివారం వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?

ఒక ఆదివారం నేను అందరికంటే ముందు, తెల్లవారుతుండగానే కొండెక్కాను. వంక అవతల వాచరు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన రేకు డబ్బా. చెడిపోయిన బెల్లాన్ని నీళ్లలో కరిగించి, మాగిపోయిన అరటిపండ్లు పిసికి, ఆ ముద్దను రాతి పగుళ్లలో పూస్తున్నాడు. ఎంత శ్రద్ధగా పూస్తున్నాడంటే, నా అడుగుల చప్పుడు కూడా వినలేదు.

"ఏమప్పా, పూజ చేస్తాండావా?" అన్నాను.

ఉలిక్కిపడి లేచాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చేతులకంతా బెల్లం.

"అది ఆకలితో ఉండాది మేడం. ఊరికే కొంచెం..."

"కొండ మీద చెదలు లేవా? తేనె లేదా? రేలకాయలు లేవా? నిన్ను అడిగిందా అది, ఆకలైతాందని?"

చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "మేడం, మనుసులు ఇంతదూరం వచ్చాండారు. ఏమీ చూడకుండా పోతే, వీడు ఉత్త కోతలరాయుడు అంటారు. ఇప్పుడు ఎవురన్నా అంటాండారా? ఊరంతా బాగుపడతాండాది. ఎవురికి నష్టం మేడం?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు ఆ క్షణాన నా దగ్గర చూపించడానికి నష్టం ఏదీ లేదు. కానీ నాకు తెలుసు. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని నేర్చుకున్న ఎలుగు బండ దగ్గరే ఆగిపోదు. ఆ మాటే చెప్పాను. రాయిని ఇద్దరం కలిసి వంక నీళ్లతో కడిగాం. ఇంకోసారి బెల్లం పట్టుకుని కొండెక్కితే పని పోతుందని గట్టిగా చెప్పాను. తలూపాడు.

ఆ సాయంత్రమే రేంజరుకు చెప్పాను. పై వాళ్ల మెప్పు, పత్రికల ఫొటోలు అన్నీ ఆ బెల్లం మీదే నిలబడ్డాయని అతనికి అర్థమైంది. "ఆపించేశారు కదా మేడం. ఇంక గొడవ వద్దు. మెల్లగా అదే సర్దుకుంటుంది" అన్నాడు.

సర్దుకోలేదు. బెల్లం ఆపడం సరైన పనే, ఇప్పుడైనా అదే చేస్తాను. కానీ తాగుడు మాన్పించిన ఇంట్లో మొదటి నెల ఎట్లా ఉంటుందో అడవిలోనూ అట్లాగే ఉంటుంది. రెండు ఆదివారాలు ఎలుగు బండ దగ్గరికి వచ్చి, రాయి వాసన చూసి, కోపంతో రాళ్లు దొర్లించి పోయింది. తర్వాత కొండ దిగింది. ఒక ఇంటి వసారాలో పచ్చడి జాడీ పగిలింది. అంగడి తలుపు మీద గోళ్ల గీతలు పడ్డాయి. మేము గస్తీ పెట్టాం. తీపి వస్తువులేవీ బయట పెట్టొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. ఊరిపెద్ద ఒకాయన, నేల ఎక్కువున్న ఆసామి, నన్ను నిలదీశాడు: "ఎలుగొడ్డు ఇన్నేండ్లు మా ఊరి మొగం చూడలేదమ్మా. మీ బాట వచ్చినాకనే వచ్చింది. మీరు తీసకపోతారా, మమ్మల్నే చూసుకోమంటారా?" చూసుకోవడమంటే ఏమిటో ఆయన చెప్పలేదు. అడవిపందుల కోసం పొలాల్లో పెట్టే, కొరికితే పేలే నాటు మందు సంగతి నాకు తెలుసు.

వాచరు ఆ రోజుల్లో కథలు చెప్పడం మానేశాడు. గస్తీలో అందరికంటే ముందు నడిచేవాడు.

ఇంతలో చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ ఊళ్లో క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. చర్చి పాతది, రాతి గోడలు, బండల మిద్దె, చిన్న చిన్న కిటికీలకు ఇనుప కమ్మీలు. ఊరి చివర, కొండకు ఆనుకుని ఉంటుంది. ముందు తలుపు ఊరివైపు, వెనక తలుపు కొండవైపు. పండుగకు ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి లోపల పెడతారు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, శనక్కాయ కట్టలు, అరటిగెలలు, తేనె, బెల్లం దిమ్మెలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. సామాన్లన్నీ లోపలే ఉంచి తలుపులు వేసుకోమని మేమే చెప్పాం. వేశారు. కానీ వెనక తలుపు లోపలి గడియ పాతబడి సరిగా పడదని మాకెవరూ చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున నేను కొండబాట నడక కోసం జీపులో వస్తుంటే దారిలోనే ఫోన్ వచ్చింది. ఎలుగు చర్చిలో ఉందని.

పోయేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. చర్చి ఊడ్చే ముసలామె మెట్ల మీద కూర్చుని వణుకుతూ, వణుకుతూనే అందరినీ తిడుతోంది. ఏం జరిగిందో ఆమే చెప్పింది. పొద్దన్నే చీపురు పట్టుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఎవరో నములుతున్న చప్పుడు.

"కుక్కేమో అనుకుంటినమ్మా. తొంగి చూస్తి. పాస్టరయ్యగారు నిలబడే తావ కూచోని అరటిగెల తింటాండాది! నాకు పానం పోయె. తలుపు లాగి బయట గొళ్లెం పెట్టేస్తి."

ఆమెను తప్పుపట్టలేం. ఎవరైనా అదే చేస్తారు. కానీ దాంతో కొండవైపు దారి మూసుకుపోయింది. ముందు తలుపు ముందే వేసి ఉంది. ఎలుగు లోపల బందీ అయింది. పగలెక్కే కొద్దీ జనం పెరిగారు. కుర్రాళ్లు కిటికీలెక్కి ఫోన్లతో తీస్తున్నారు, రాళ్లు విసురుతున్నారు. ప్రతి రాయికీ లోపల నుంచి ఒక గర్జన, ఏదో విరిగిన చప్పుడు. దీనికి తోడు ఎర్రగుంట్ల నుంచి ఫ్యాక్టరీ కుటుంబాల బస్సు వచ్చి ఆగింది. ఎలుగును చూడడానికే వచ్చారు వాళ్లు. పిల్లలతో సహా దిగి కిటికీల వైపు పరుగెత్తారు.

రేంజరు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో జనాన్ని తోస్తున్నాడు. "మేడం, మత్తు సూది వేసే టీము తిరుపతి నుంచి బయలుదేరింది. మధ్యాహ్నం దాటుతుంది. అంతవరకూ తలుపు తెరవొద్దన్నారు."

"మధ్యాహ్నం దాకా ఈ జనం ఆగరు సార్. లోపల దానికి దెబ్బలు తగులుతున్నాయి. ముందు తలుపు పాతది. అది గుద్ది బయటపడితే ఎవరి మీద పడుతుందో చూడండి."

అతను చూశాడు. ముందు తలుపు ఎదురుగా పిల్లలున్నారు. ఊరిపెద్ద అరుగు మీద నిలబడి ఇద్దరు మనుషులకు ఏదో చెవిలో చెబుతున్నాడు. వాళ్లు పొలం వైపు కదిలారు. నాటు మందుకేనని నాకు అర్థమైంది, రేంజరుకూ అర్థమైంది.

"ఏం చేద్దామంటారు?" అన్నాడు.

"వచ్చిన దారినే పంపిద్దాం. ముందువైపు చప్పుడు ఉండాలి, వెనకవైపు నిశ్శబ్దం ఉండాలి. అది చప్పుడుకు దూరంగా పోతుంది. అంతే."

రేంజరు ఫోను జేబులో పెట్టేశాడు. "బాధ్యత నాది మేడం. తెరవండి. ఆ ఇద్దరినీ నేను ఆపుతాను." అని పొలం దారిన పరుగెత్తాడు.

జనాన్ని కదిలించడం నా వల్ల కాదు. లాఠీ ఉంది గానీ, పండుగపూట చర్చి ముందు లాఠీ తీస్తే కొండబాట ఆ రోజుతోనే ముగుస్తుంది. నేను పాస్టరు దగ్గరికి వెళ్లాను. ఊళ్లో అందరూ అయ్యగారు అంటారు. ముసలాయన, గొంతు మాత్రం గంట లాంటిది.

"అయ్యగారూ, ఈ రోజు ఆరాధన బడి ముందర పెట్టుకుంటారా? జనమంతా మీ వెంట రావాలి. పాటలు గట్టిగా ఉండాలి. నేను చెప్పేదాకా ఆపకూడదు."

ఆయన నా వైపు ఒకసారి, చర్చి వైపు ఒకసారి చూశాడు. "లోపల ఉన్నాయన ఆరాధనకే వచ్చినాడేమో అనుకున్నానమ్మా, కానుకలు తినేదానికి అని తెలిసింది" అని, చేతులెత్తి జనాన్ని పిలిచాడు. అరవలేదు, బతిమాలలేదు. పాట ఎత్తుకుని బడి వైపు నడవడం మొదలుపెట్టాడు, అంతే. ఆడవాళ్లు కదిలారు. ఆడవాళ్లు కదిలితే పిల్లలు కదిలారు. డప్పులు అందుకున్నారు. కిటికీల మీది కుర్రాళ్లను వాళ్ల అమ్మలే చెవులు పట్టి దింపారు. ఫ్యాక్టరీ బస్సు వాళ్లు ఏం చేయాలో తెలియక వెనకే పోయారు. మెట్ల మీది ముసలామె, ఆమెను పట్టుకున్న కమిటీ ఆడవాళ్లు తప్ప చర్చి ముందు కాసేపట్లో ఖాళీ అయింది. దూరంగా బడి ముందు పాట, డప్పులు.

జీపును చర్చి వెనక పక్కగా, ఊరివైపు దారికి అడ్డంగా పెట్టాను. కొండవైపు ఒక్కటే తెరిచి ఉంది. ఇక మిగిలింది గొళ్లెం తీయడం. దానికి ఎవరో ఒకరు ఆ తలుపు దగ్గరికి పోవాలి.

జీపు దిగి మెట్ల దగ్గరికి వచ్చేసరికి వాచరు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో చింతకాయలు కోసే దోటి, కొనకు కొక్కెం కట్టిన పొడుగు వెదురు.

"నేను తీస్తా మేడం. అది నా కోసరమే వచ్చినాది."

ముసలామె మెట్ల మీద నుంచి ఇంకా లేవలేదు. విన్నది. "నీ కోసరం వచ్చేదేందప్పా? నీకు సుట్టమా?"

అప్పుడు చెప్పాడు. ఆమెకు చెప్పాడు, ఆమె పక్కన నిలబడిన కమిటీ ఆడవాళ్లకు చెప్పాడు. బెల్లం సంగతి, బండ సంగతి, ఆదివారాల సంగతి. తలెత్తకుండా, ఒక్క మాట కూడా కలపకుండా చెప్పాడు. ఆయన నోటి నుంచి కోత లేని మాటలు నేను వినడం అదే మొదటిసారి.

ముసలామె లేచి, చీపురు చంకన పెట్టుకుని, "ముందు దాన్ని బయటికి పంపు. నిన్ను తర్వాత తిడతా" అని మిగతా ఆడవాళ్లతో బడి వైపు నడిచింది.

చర్చి ప్రహరీ గోడ వెనక తలుపుకు కొద్ది దూరంలో వచ్చి ఆగుతుంది. వాచరు ఆ గోడ మీదికి ఎక్కి, గొంతుక్కూర్చుని దోటి చాపాడు. కొక్కెం గొళ్లేనికి తగిలింది, జారింది. మళ్లీ తగిలింది. నేను జీపులో స్టీరింగు ముందు, హారన్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. గొళ్లెం ఊడింది. దోటితోనే తలుపును తోశాడు.

ఏమీ జరగలేదు. పాట వినిపిస్తోంది. లోపల చీకటి. తర్వాత ఆ చీకట్లోంచి ముక్కు కనిపించింది, తర్వాత తల. నుదుటి మీద రక్తం, మూతి నిండా తేనె. గడప మీద నిలబడి గాలి పీల్చింది. కొండ ఎదురుగా ఉంది. పోతుందనే అనుకున్నాను.

గోడ వైపు తిరిగింది.

వాసన గుర్తుపట్టింది. అన్ని ఆదివారాలు తనకు తీపి తెచ్చిన మనిషి వాసన. కోపంగా లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పెంపుడు కుక్కలా నేరుగా గోడ దగ్గరికి నడిచి, వెనక కాళ్ల మీద లేచి, ముందు పంజాలు గోడకు ఆనించింది. వాచరు కాలికీ దాని మూతికీ మధ్య జానెడు కూడా లేదు.

"లే... నా తావ ఏమీ లే... పో తల్లీ" అంటున్నాడు. దోటి చేతిలోనే ఉంది. కొట్టడం లేదు.

"కొట్టప్పా! తరుము!" అని అరిచాను.

కొట్టలేకపోయాడు. ఎలుగు ఆశగా పంజా చాచి పిక్కను లాక్కుంది. దానికి అది అడగడమే. కానీ ఆ గోళ్లు వేరు కదా. పంచె చిరిగి కాలి వెంట రక్తం కారింది. అప్పుడు ఆయన గొంతులోంచి వచ్చిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లేచి గోడ మీద నిలబడి, దోటితో రాళ్ల మీద దబదబా బాదుతూ, "పోయే! పో! నీకు నేనెవురు? నా మొగం మళ్ల చూడొద్దు! పో!" అని ఏడుస్తూ తిట్టాడు. వెదురు విరిగి ముక్కలైంది. దాంతోనే నేను హారన్ నొక్కి పట్టుకున్నాను. ఎలుగు బెదిరి వెనక్కి పడింది, ఒకసారి తల విదిలించింది, తిరిగి కొండ వైపు పరుగు తీసింది. బలుసు పొదల్లో వెంట్రుకల నల్లదనం కాసేపు కదిలి మాయమైంది.

నేను హారన్ మీద నుంచి చెయ్యి తీశాక తెలిసింది, బడి ముందు పాట ఇంకా ఆగలేదని. అయ్యగారు మాట నిలబెట్టుకున్నారు.

వాచరు కాలికి మైదుకూరులో కట్టు కట్టించి, కడపకు పంపి కుట్లు వేయించాం. ఆ తర్వాత కొంచెం కుంటుతూనే నడిచాడు. పండుగ మాత్రం ఆగలేదు. సాయంత్రం వేలంలో ఎలుగు పంటిగాట్లున్న గుమ్మడికాయ ఒకటి మిగిలింది. దాన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన పంతం పట్టి పాడుకున్నాడు. అందరికంటే ఎక్కువ ధర దానికే పలికింది. పొలానికి మనుషులను పంపిన ఊరిపెద్ద ఆ వేలంలో రెండో మనిషి. ఓడిపోయినందుకు రాత్రి దాకా సణిగాడని విన్నాను.

తర్వాతి వారం అసలు పరీక్ష. విచారణకు పై అధికారులు వస్తున్నారు. వాచరును తీసేస్తే, కొండబాటను మూసేస్తే గొడవ వదిలిపోతుందని ఆఫీసులో చాలామంది సలహా. రేంజరు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా తానే పైకి రాసేశాడు: ఎలుగును మేము చూపించిన తీరు తప్పు, మాకు వచ్చిన మెప్పు మాది కాదు, తెలిశాక కూడా గుట్టుగా ఉంచమన్నది తానే అని. చదివి నేను, "సార్, ప్రమోషను ఆలస్యమవుతుందేమో" అన్నాను. "అవనీండి మేడం. ఆ పాటప్పుడు నేను పొలం దారిలో ఆ ఇద్దరితో పెనుగులాడుతున్నాను. అప్పుడే అనుకున్నాను, బతికితే ఇది రాయాలని" అన్నాడు. అతని మీద నాకు అప్పటివరకు ప్రేమ ఉండేది, గౌరవం ఆ రోజు వచ్చింది.

విచారణలో ఊరివాళ్లే మాట్లాడారు. కమిటీ ఆడవాళ్లు బాట మూయొద్దన్నారు. ముసలామె ఇచ్చిన మాట ప్రకారం వాచరును అధికారుల ముందే చాలాసేపు తిట్టింది. తిట్టాక, "పని తీసేస్తే వీడు ఇంట్లో కూచోని కతలు చెప్తాడు, వాళ్ల పెండ్లాం తట్టుకోలేదు. ఉండనీయండి" అంది. నా వంతు వచ్చినప్పుడు నేను చెప్పింది ఇంతే: ఎలుగు తీపి మరిచిపోయి తన తిండికి తాను అలవాటు పడేదాకా బాట మూసేద్దాం. ఆ లోపల ఈ మనిషిని కొండ చుట్టూ ఉన్న ఊళ్లకు పంపుదాం. తాను చేసింది చెప్పనీయండి. ఆయన చెబితే వింటారు, మేము చెబితే వినరు.

ఒప్పుకున్నారు. కుంటుతూ ఊరూరా తిరిగాడు. కాలి మచ్చ చూపించి బెల్లం కథ చెప్పేవాడు. కోతలు మళ్లీ మొదలయ్యాయని విన్నాను. కొన్ని ఊళ్లలో ఎలుగు ఏనుగంత ఉండేదట. ఉండనీ. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల వెనక తిండి పారేయడం తగ్గింది, అది నేను కళ్లారా చూశాను.

తర్వాత వానల్లో బాట మళ్లీ తెరిచాం. మొదట్లో జనం పలచగా వచ్చారు. పిట్టల కోసం, చెట్ల కోసం వచ్చేవాళ్లు మెల్లమెల్లగా పెరిగారు. ఇదంతా చెప్పడం ఎందుకంటే, పిల్లలూ, మీరూ రేపు ఎక్కడో ఇలాంటి బాటలు వేస్తారు. జంతువును చూపించమని మీ మీద ఒత్తిడి వస్తుంది. చూపించేవాడి మంచితనంలోంచే ప్రమాదం పుడుతుంది, దుర్మార్గంలోంచి కాదు. దుర్మార్గుడైతే పట్టుకోవడం తేలిక.

నేను రిటైరయ్యే ముందు చివరి ఆదివారం ఆ కొండెక్కాను. ఎర్రగుంట్ల నుంచి వచ్చిన కుటుంబాలు, వాచరు, నేను. బండ మీద అందరూ కూర్చుని బొరుగులు తింటూ పసుపు చేల వైపు చూస్తున్నారు. నేనూ వాచరూ వాళ్లకు వెనకగా, కొండ వైపు ముఖం పెట్టి నిలబడ్డాం. పైన చాలా దూరంలో, రేల చెట్ల మధ్య నల్లగా ఏదో కదిలింది. ఆగింది. దాని వెనక ఇంకో రెండు చిన్న నల్లటి ముద్దలు. ఒకటి తల్లి వీపు మీదికి ఎక్కడానికి చూస్తోంది.

నేను వాచరు వైపు చూశాను. ఆయన అప్పటికే చూశాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఒక్క మాట అంటే చాలు, అంతమందీ లేచి ఆ వైపు తిరుగుతారు, ఫోన్లు బయటికి వస్తాయి, ఊరూరా ఆయన పేరు మోగుతుంది.

నోరు మూసుకున్నాడు. తువ్వాలు దులిపి నెత్తికి చుట్టుకున్నాడు. కూర్చున్నవాళ్ల దగ్గరికి కుంటుతూ పోయి, వాళ్లు వెనక్కి తిరిగినా కొండ కనపడకుండా అడ్డంగా నిలబడి, "ఎండ ముదురుతాండాది, ఇంగ దిగుదాం పాండప్పా. కింద సంగటి సల్లారిపోతాది" అన్నాడు.

లేచారు. దిగుతూ ఒకామె అడిగింది, "ఏమన్నా, ఈ పొద్దు ఏమీ కనపళ్యా కదా?"

"లేదు తల్లీ," అన్నాడు వాచరు, వెనక్కి తిరిగి చూడకుండా. "ఈ పొద్దు ఏమీ లేదు."